బాదం అంటే ఏ బాదం? పర్లాకిమిడి నుంచి ఒక అలర్జీ కేసు

"నట్స్ లేని స్నాక్ బార్ ఒకటి చెప్పండి మేడమ్, కొనేసుకుంటాం." ఆ తల్లి కుర్చీలో కూర్చుంటూనే అన్న మొదటి మాట ఇది. చేతిలో ఫోన్, ఫోన్‌లో ఆన్‌లైన్ కార్ట్, అందులో ఆరు రకాల బార్లు. ఏదో ఒకదాన్ని నేను సరే అంటే చాలు. ఆ 'సరే' అనడానికి నాకు ఐదు నెలలు పట్టింది. అన్నది కూడా ఆ ఆరింటిలో దేనికీ కాదు.

నేను డైటీషియన్ని. పర్లాకిమిడిలో ఒక పిల్లల క్లినిక్‌లో వారానికి రెండు రోజులు కూర్చుంటాను. మా ఊరు గజపతి జిల్లా కేంద్రం, ఒడిశా. కూతవేటు దూరంలో పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. నా దగ్గరికి వచ్చే పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ. ఒక్కో సరుకుకి మూడు భాషల్లో మూడు పేర్లు. ఈ కేసులో సగం ఆ పేర్ల గొడవే. ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు, పిల్లాణ్ణి బాబు అనే అంటాను.

2024 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు బాబుకి ఏడేళ్ళ రెండు నెలలు. బరువు 19.4 కిలోలు. పాత ఓపీ చీటీ చూస్తే అంతకుముందు నవంబరులో 19.6. ఏడేళ్ళ పిల్లాడు మూడు నెలల్లో పెరగకపోగా కాస్త తగ్గాడు. తల్లి బార్ గురించి అడుగుతోంది, నా కళ్ళు మాత్రం ఆ చీటీ మీదే ఉన్నాయి.

ముందు పాత కథ. పదకొండు నెలలప్పుడు అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా కలిపి పెడితే మొహమంతా ఎర్రగా దద్దుర్లు వచ్చాయి. ఛతువా అంటే గోధుమ, శెనగ, వేరుశెనగ, చక్కెర కలిపిన పిండి. ఒడిశాలో లక్షల మంది పిల్లలు తిని పెరిగే మంచి ఆహారం. ఇంట్లోవాళ్ళు వేడి చేసిందనుకున్నారు. మూడేళ్ళప్పుడు పలాసలో అమ్మమ్మ ఇంట్లో పాయసం తిన్న పది నిమిషాలకి కనురెప్పలు ఉబ్బి, రెండుసార్లు వాంతి అయింది. అందులో జీడిపప్పు ఉంది. ఐదేళ్ళప్పుడు విశాఖపట్నంలో అలర్జీ డాక్టరుగారు స్కిన్ ప్రిక్ టెస్టు, అంటే చర్మం మీద సూదితో గుచ్చి చూసే పరీక్ష, చేశారు. కాగితం మీద వేరుశెనగ 9 మిల్లీమీటర్లు, జీడిపప్పు 7, పిస్తా 5. బాదం సున్నా, అక్రోటు సున్నా, నువ్వులు సున్నా.

ఈ పరీక్షలో 3 మిల్లీమీటర్లు, ఆపైన పొంగితే పాజిటివ్ అంటారు. పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ అని కాదు, తిన్నప్పుడు ఏమైందో దానితో కలిపి చదవాలి. ఇక్కడ వేరుశెనగకీ జీడిపప్పుకీ రెండిటికీ కథ ఉంది. పిస్తా బాబు ఎప్పుడూ తినలేదు, అయినా జీడి, పిస్తా ఒకే కుటుంబపు చెట్లు, ప్రోటీన్లు బాగా దగ్గరివి. ఒకటి పడనివాళ్ళకి రెండోది కూడా మానిపించడమే పద్ధతి. బాదం మాత్రం ఆసుపత్రిలోనే కొద్దికొద్దిగా పెట్టి చూశారు. ఏమీ కాలేదు. "బాదం తినొచ్చు" అని చీటీ మీద రాసిచ్చారు. ఈ మాట గుర్తుంచుకోండి.

రెండేళ్ళు బాగానే గడిచాయి. 2023 డిసెంబరులో జిరంగ్‌లోని బౌద్ధ మఠం చూడటానికి వెళ్ళారు. దారిలో ఒక చిన్న దుకాణం దగ్గర ఆగి చుడా (అటుకుల) మిక్స్చర్ పొట్లం కొన్నారు. కారెక్కిన పావుగంటకి దగ్గు, ఒళ్ళంతా దద్దుర్లు, పిల్లికూతలు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళితే అక్కడి డాక్టరుగారు వెంటనే తొడకి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు, బతికిపోయాడు.

ఆ రోజు తర్వాత ఆ ఇంట్లో భయం వంటింట్లోకి వచ్చి కూర్చుంది. వేరుశెనగ పప్పుజాతి అని తల్లి ఎక్కడో చదివింది. కందిపప్పు, పెసరపప్పు, శెనగపిండి అన్నీ బంద్. జీడి, మామిడి ఒకే కుటుంబమని ఇంకెక్కడో చదివింది. మామిడి తాండ్ర, ఆవకాయ బంద్. నువ్వులు, కొబ్బరి కూడా పోయాయి. మిగిలింది అన్నం, పాలు, బంగాళదుంప, బిస్కెట్లు. అందుకే ఆ 19.4.

నేను చేసిన మొదటి పని బార్ వెతకడం కాదు, పప్పు తిరిగి పెట్టించడం. వేరుశెనగ పడని పిల్లల్లో చాలామంది మిగతా పప్పులు హాయిగా తింటారు. ఈ బాబు ఏడేళ్ళుగా పప్పన్నం తింటున్నాడు, శెనగపిండి బజ్జీలు తింటున్నాడు, ఎండాకాలమంతా మామిడిపళ్ళు తింటున్నాడు. అంతకంటే పెద్ద టెస్టు ఏ ల్యాబులోనూ లేదు. కొబ్బరి సంగతికొస్తే, అమెరికాలో ఆహార సంస్థ చాలా ఏళ్ళు దాన్ని నట్స్ జాబితాలో ఉంచి 2025 జనవరిలో తీసేసింది. ఈ తల్లి చూసిన పట్టిక ఆ పాత జాబితాదే అయ్యుంటుంది. మన బాబు కొబ్బరి పచ్చడితో ఇడ్లీలు తిన్నవాడు. పిల్లల డాక్టరుగారితో మాట్లాడి, ఆయన సరే అన్నాక, వారానికి రెండు చొప్పున అన్నీ వెనక్కి తెచ్చాం.

ఇక మిక్స్చర్ సంగతి. అడిగి కొన్నానంది తల్లి. అడక్కుండా ఏదీ కొనదట. అయితే నూనె వల్లేమో, గానుగ పల్లీనూనెలో వేయించారేమో అనుకున్నాను. బాగా రిఫైన్ చేసిన నూనెలో ప్రోటీన్ దాదాపు ఉండదు, గానుగ నూనెలో ఉండొచ్చు. అదే కారణమని కేసు షీటులో రాసేశాను కూడా. రెండో విజిట్‌లో ఎందుకో తృప్తి లేక, దుకాణం దగ్గర ఎవరు ఏమన్నారో ఉన్నదున్నట్టు చెప్పమన్నాను.

"ఇందులో శెనగ్గుళ్ళున్నాయా అన్నానండి. ఆయనకి తెలుగు రాదు. పల్లీ అన్నాను. ఊహూఁ. చేత్తో చూపిస్తే, బాదం అచ్ఛి, బాదం అచ్ఛి అన్నాడు. బాదమైతే పర్లేదు కదా అని..."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగినదాన్ని, నాకు మొదటిరోజే తట్టాల్సింది. ఒడియాలో బాదం అంటే మామూలుగా వేరుశెనగ. పూర్తి మాట చినాబాదం, నోటి మాటలో ఉత్త బాదమే. 'బాదం ఉంది' అని ఆ దుకాణదారు నిజమే చెప్పాడు. తెలుగు బాదం అనుకుని ఈమె నమ్మింది. తల్లిదండ్రులిద్దరూ శ్రీకాకుళం జిల్లావాళ్ళు, ఉద్యోగరీత్యా ఒడిశా వచ్చినవాళ్ళు. డాక్టరుగారు రాసిచ్చిన "బాదం తినొచ్చు" అనే చీటీ తెలుగులో ఉన్నంతసేపూ మందు, ఆ దుకాణం దగ్గర విషం అయింది. తప్పెవరిదీ కాదు.

ఆ రోజే ఒక కార్డు రాశాం. వేరుశెనగకి ఉన్న పేర్లన్నీ ఒకచోట: శెనగ్గుళ్ళు, పల్లీ, చినాబాదం, బాదం, మూంగ్‌ఫలీ, గ్రౌండ్‌నట్, పీనట్, ఇంకా నూనె సీసాల మీద కనిపించే అరాచిస్. జీడిపప్పుకి కాజూ, క్యాషూ. వెనకవైపు ఒడియాలో ఒక వాక్యం, నేనే రాశాను: 'చినాబాదం గానీ కాజూ గానీ తింటే ఈ పిల్లాడి ప్రాణానికి ప్రమాదం, ఇందులో ఉన్నాయా?' తెలుగు బాదం తినొచ్చన్న విషయం కార్డులో ఎక్కడా రాయలేదు. రాస్తే మళ్ళీ మొదటికొస్తుంది. పొరుగూళ్ళో, బయట దుకాణంలో బాబుకి ఏ బాదమూ లేదు. ఇంట్లో మాత్రం, పెంకుతో ఉన్న బాదంకాయలు తెచ్చి వాళ్ళే కొట్టుకుని తింటారు.

నిజానికి తెలుగులో 'నట్స్' అన్న మాటే ఇబ్బంది. మన ఇళ్ళల్లో నట్స్ అంటే బాదం, జీడిపప్పు, పిస్తా. పల్లీలు ఆ లెక్కలోకి రావు, అవి ఉప్మాలో వేసే గింజలు. 'నట్స్ లేవండీ' అని మనస్ఫూర్తిగా చెప్పి పల్లీచిక్కీ చేతిలో పెట్టేవాళ్ళని నేను చాలామందిని చూశాను. అందుకే నట్స్ ఉన్నాయా అని అడగొద్దంటాను, గింజ పేరు పెట్టి అడగమంటాను.

ఇప్పుడు బార్లు. బరంపురం సూపర్‌మార్కెట్లో దొరికినవీ ఆన్‌లైన్‌లో తెప్పించినవీ కలిపి పద్నాలుగు రకాలు నా టేబుల్ మీద పరిచాం. చదివే పని బాబుకే ఇచ్చాను. ఏడేళ్ళవాడికి ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, 'కంటైన్స్', 'మే కంటైన్' అన్న రెండు మాటలు బొమ్మల్లా గుర్తుపట్టడం నేర్పితే చాలు. మన ఆహార భద్రత సంస్థ 2020లో తెచ్చిన లేబుల్ నియమాల ప్రకారం వేరుశెనగ, ట్రీ నట్స్ (బాదం, జీడిపప్పు లాంటి చెట్ల గింజలు), పాలు, గుడ్డు, చేప, రొయ్యజాతి, సోయా, గ్లూటెన్ ఉన్న ధాన్యాలు (గోధుమ లాంటివి), సల్ఫైట్లు (నిలవకి వాడే రసాయనాలు) ఉంటే 'కంటైన్స్' అని చెప్పాలి. పక్క సరుకు నుంచి కలిసే అవకాశం ఉంటే 'మే కంటైన్'. నువ్వులు, ఆవాలు మన జాబితాలో లేవు. అమెరికాలో నువ్వులు 2023 జనవరి 1 నుంచి లేబుల్ మీద తప్పక చెప్పాల్సిన తొమ్మిదో అలర్జెన్ (అలర్జీ తెచ్చే సరుకు). బాబుకి నువ్వులతో గొడవ లేదు కాబట్టి సరిపోయింది, నువ్వులు పడని పిల్లాడైతే మన లేబుల్ ఆ విషయంలో సాయపడదు.

బాబు ప్యాకెట్లని మూడు గుంపులు చేశాడు. వాటికి తనే పేర్లు పెట్టాడు: 'ఉంది', 'ఉందేమో', 'చెప్పలేదు'. మొదటి దాంట్లో తొమ్మిది, రెండోదాంట్లో నాలుగు, మూడోదాంట్లో ఒకటి. "లేదు అని గుంపు లేదా?" అనడిగాడు. లేదు నాన్నా.

ఎందుకు లేదంటే, బార్ అన్న సరుకు పుట్టుకే అలాంటిది. గింజలో కొవ్వు, ప్రోటీన్, నమిలితే కరకర అన్నీ ఒకేచోట దొరుకుతాయి. గింజల ముద్ద జిగురుగా కూడా పనికొస్తుంది. పల్లీ అయితే ప్రోటీన్ చవగ్గా వస్తుంది. పల్లీ లేని రుచి ఒకటి తయారు చేసినా దాన్ని పల్లీ ఉన్న రుచి నడిచిన యంత్రం మీదే నడుపుతారు. ఆ 'చెప్పలేదు' ప్యాకెట్ కంపెనీకి తండ్రి మెయిల్ పెట్టాడు. 'మీ బార్‌లో నట్స్ ఉన్నాయా' అని కాదు, 'ఆ లైన్ మీద పల్లీ, జీడి ఉన్న సరుకు ఇంకేదైనా నడుస్తుందా, మధ్యలో ఎలా కడుగుతారు' అని. నడుస్తుందని జవాబొచ్చింది. నిజాయితీగా చెప్పినందుకు వాళ్ళకి దండం. లేబుల్ మీద కూడా ఆ మాట ఉంటే ఇంకా బాగుండేది.

న్యూజెర్సీలో ఉన్న పిన్ని ఒక పెట్టె పంపింది. మేడ్‌గుడ్ లాంటి కొన్ని కంపెనీలు వేరుశెనగ, ట్రీ నట్స్ అడుగుపెట్టని ఫ్యాక్టరీల్లో చేస్తామని చెప్పుకుంటాయి. అమెరికాలో 'మే కంటైన్' రాయడం కంపెనీ ఇష్టం. రాయకపోతే లేనట్టు కాదు. అందుకని అక్కడి సరుకులో కూడా ఫ్యాక్టరీ గురించి విడిగా ఏం చెప్పారో చూడాల్సిందే. పిన్ని చూసే పంపింది. బాబుకి నచ్చాయి. మూడు వారాల్లో అయిపోయాయి. పిన్ని ఏటా ఒకసారి వస్తుంది, బాబు రోజూ బడికి వెళ్తాడు.

అప్పుడు ఇంట్లోనే చేద్దామన్నాం. ఇక్కడ నా తప్పు ఒకటుంది.

మొదటి వంటకం నేనే రాసిచ్చాను: చోడిపిండి (రాగిపిండి), అటుకులు, నువ్వులు, వేయించిన శెనగల పొడి, బెల్లం, నెయ్యి. ఏప్రిల్‌లో తల్లి చేసింది. బాబు ఒకటి తిన్నాడు. ఐదు నిమిషాలకి పెదవులు దురద, మెడ మీద నాలుగైదు దద్దుర్లు. అంతటితో ఆగింది. డాక్టరుగారు ఫోన్‌లో చెప్పినట్టు అలర్జీ మందు వేసి, అడ్రినలిన్ పక్కన పెట్టుకుని, నాలుగు గంటలు కళ్ళు తిప్పకుండా కూర్చున్నారు. తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

అందులో పల్లీ లేదు, జీడి లేదు. మిక్సీ గిన్నె కొత్తది. శెనగలంటావా, శెనగపిండి తింటూనే ఉన్నాడు. మర్నాడు ఆ శెనగలు కొన్న బజారుకి వెళ్ళాను. లోపల ఒక మూల భట్టీ. పెద్ద ఇనుప మూకుడు, నిండా నల్లటి ఇసుక, కింద ఊకమంట. ముసలాయన ఇసుకలో శెనగలు పోసి గరిటెతో రెండు నిమిషాలు తిప్పి, జల్లెడలోకి ఎత్తి, ఇసుక కిందికి రాల్చి, శెనగలు గంపలో పోశాడు. తరవాత ఇంకో బస్తా విప్పాడు. చినాబాదం. అదే ఇసుక, అదే గరిటె, అదే జల్లెడ. జల్లెడ కన్నాల్లో ఎర్రటి పొట్టు ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. మళ్ళీ శెనగలు. దుకాణం ముందు రెండు గంపలకీ కలిపి ఒకటే సోల.

అదే కారణమని నేను నిరూపించలేను. ఆ పొడిని పరీక్షకి పంపలేదు. కానీ ఆ జల్లెడని చూశాక నాకు ఇంకో అనుమానం రాలేదు. లూజు సరుకుకి లేబుల్ ఉండదు, ఉన్నా ఇసుక సంగతి రాసేవాళ్ళెవరు? అప్పటిదాకా నేను ఏమేం వేస్తున్నామనే చూశాను. ఆ రోజు నుంచి ప్రతి సరుకుకీ దాని ముందు ఆ మూకుడులో ఏముంది అని అడగడం మొదలుపెట్టాను.

రెండో వంటకం ఆ ప్రశ్నతోనే కట్టాం. ఏ సరుకూ వేయించినది కొనకూడదు. అన్నీ పచ్చివి తెచ్చి ఇంట్లో వేయించాలి. చోళ్ళు ఇక్కడ దొరకడం కష్టం కాదు, మా కొండల్లో పండే పంటే, ఒడియాలో మాండియా. గింజలు తెచ్చి, కడిగి, ఎండబెట్టి ఇంటి మిక్సీలోనే పట్టారు. పిండిమర మీద నమ్మకం లేదు, ఛతువా పిండి కూడా అక్కడే ఆడతారు. నువ్వులు కూడా పచ్చివే తెచ్చి నీళ్ళలో గాలించారు. మొదటిసారి గాలిస్తే అడుగున రాళ్ళతో పాటు సగం పల్లీబద్ద ఒకటి తేలింది. ఆ నువ్వులు పారబోసి, సీలు వేసిన ప్యాకెట్ తెచ్చారు, దాని మీద 'మే కంటైన్' లేదని, నువ్వులు తప్ప ఇంకేమీ ప్యాక్ చేయమని కంపెనీ మెయిల్‌లో చెప్పాకే. శెనగల బదులు పెసరపప్పు, దోరగా వేయించింది.

గుమ్మడి గింజలు కూడా వేయాలని నా కోరిక. బజారు ప్యాకెట్లన్నీ డ్రై ఫ్రూట్స్ ప్యాక్ చేసే చోట నుంచే వస్తాయి, అన్నిటి మీదా 'ఉందేమో'. అమ్మమ్మ ఆ మాట విని పలాస నుంచి రెండు గుమ్మడికాయలు పంపింది. వాటి గింజలు కడిగి, మేడ మీద ఎండబెట్టి, సాయంత్రాలు టీవీ ముందు కూర్చుని గోటితో ఒలిచారు. గుప్పెడు రావడానికి రెండు సాయంత్రాలు. పండగలకి మాత్రమే అని తేల్చుకున్నాం.

కొలతలు ఇవి: చోడిపిండి 100 గ్రాములు, అటుకులు 60, పెసరపప్పు పొడి 50, నువ్వులు 40, బెల్లం 120, నెయ్యి 20. చోడిపిండి పచ్చివాసన పోయేదాకా నేతిలో వేయించాలి. బెల్లం పాకం దగ్గరే అందరూ తప్పుతారు. చిక్కీకి పట్టే ముదురు పాకం పడితే బార్ పళ్ళు విరగ్గొడుతుంది, పైగా వానాకాలంలో మన గాలికి రెండో రోజుకే చెమ్మగిల్లి వేళ్ళకి అంటుకుంటుంది. తీగపాకం అయితే నిలబడదు. నీళ్ళలో వేస్తే మెత్తటి ఉండ కట్టి, నొక్కితే అణగాలి, అక్కడ దించేయాలి. పళ్ళెంలో అర అంగుళం మందాన నొక్కి, గోరువెచ్చగా ఉండగానే గాట్లు పెట్టాలి. పదిహేను ముక్కలొస్తాయి, ఒక్కోటి 25 గ్రాములు. గాజు సీసాలో వారం నిలవ.

దీన్ని పోషకాల గని అని చెప్పను. చోళ్ళలో 100 గ్రాములకి 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని అందరం చెప్తాం, నిజమే. కానీ ఒక బార్‌లో పడేది ఆరేడు గ్రాముల చోడిపిండే. ప్రోటీన్ రెండు గ్రాములు, బెల్లం ఎనిమిది గ్రాములు, వంద క్యాలరీలు. ఇంటర్వెల్‌లో నలుగురితో పాటు డబ్బా మూత తీయడానికి సరిపడే తిండి. బరువు పెరిగింది పప్పువల్ల, గుడ్డువల్ల, తిరిగొచ్చిన మామిడిపళ్ళవల్ల. జూలైలో మొదటి విడత బార్లు బడికి వెళ్ళాయి.

బడి గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు, టీచరు మంచావిడ. పుట్టినరోజు చాక్లెట్లు పంచినప్పుడు బాబు కోసం ఆమె బల్లలో ఒక డబ్బా ఉంటుంది, అందులో ఈ బార్లు. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాను. పిల్లలు తిన్నాక చేతులకి శానిటైజర్ రాస్తున్నారు. అది క్రిముల్ని చంపుతుంది గానీ పల్లీ ప్రోటీన్‌ని తీయదు. సబ్బు, నీళ్ళు కావాలి. తడిగుడ్డతో తుడిచినా పర్లేదు.

వాసన గురించి తల్లికి ఉన్న భయం మాత్రం తీసేశాను. రైల్లో పలాస స్టేషన్ రాగానే జీడిపప్పు పొట్లాలవాళ్ళు ఎక్కుతారు, వెనకే పల్లీలవాళ్ళు. ఆమె బాబు ముక్కుకి చున్నీ కట్టేసేదట. వాసన వల్ల ప్రాణం మీదికి రాదు. ముట్టుకుంటే దురద, దద్దు రావచ్చు. పెద్ద ప్రమాదం నోట్లోకి వెళ్ళినప్పుడే. సీటు తుడవండి, చేతులు కడగండి, కిటికీ పక్కన కూర్చుని బయటికి చూడనివ్వండి అన్నాను.

అడ్రినలిన్ నా శాఖ కాదు, అయినా కిట్ చూడకుండా నేను డైట్ చార్ట్ ఇవ్వను. మన దగ్గర తయారుగా ఉండే పెన్ను ఇంజెక్షన్లు సులభంగా దొరకవు. డాక్టరుగారు యాంప్యూల్ (మందున్న చిన్న గాజు బుడ్డి), 1 మిల్లీలీటరు సిరంజి ఇచ్చి నేర్పించారు. కిలోకి 0.01 మిల్లీగ్రాము, తొడ బయటివైపు కండలోకి. 20 కిలోలకి, మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము ఉన్న ఆ మందులో, అది 0.2 మిల్లీలీటర్లు. సిరంజి మీద ఆ గీత దగ్గర ఎర్ర టేపు అంటించారు. ఊపిరి ఇబ్బంది గానీ, దద్దుర్లతో పాటు వాంతులు గానీ కనిపిస్తే ముందు ఇది, తర్వాత 108కి ఫోన్. అలర్జీ మాత్ర వేసి చూద్దాం అని ఆగకూడదు, అది దురదని తగ్గిస్తుందే గానీ గొంతు మూసుకుపోవడాన్ని ఆపదు. తల్లి నారింజ మీద పొడిచి పొడిచి ప్రాక్టీసు చేసింది. తండ్రి చేయి వణికింది, ఇప్పటికీ వణుకుతుందట.

మధ్యలో బాబుకి చెల్లి పుట్టింది. ఇంట్లోకి పల్లీ అన్నదే రానివ్వం అన్నారు తల్లిదండ్రులు. ఇక్కడ కథ తిరగబడుతుంది. 2015లో వచ్చిన లీప్ అధ్యయనంలో, అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పసిపిల్లలకి 4 నుంచి 11 నెలల మధ్యే వేరుశెనగ అలవాటు చేస్తే, ఐదేళ్ళ వయసులో అలర్జీ సుమారు 80 శాతం తగ్గింది. దాచిపెట్టడం కన్నా పెట్టడమే కాపాడుతుంది. డాక్టరుగారు పాపని చూసి, మొదటి చెంచా క్లినిక్‌లోనే పెట్టించారు, మెత్తగా పలచగా కలిపిన పల్లీముద్ద. ఇప్పుడు వారానికి మూడుసార్లు, అన్న బడికి వెళ్ళాక, వాకిట్లో చాప మీద కూర్చోబెట్టి పెడతారు. ఆ చెంచా, ఆ గిన్నె, ఆ బిబ్ వేరు. అన్న వచ్చేలోపు పాపకి మొహం, చేతులు సబ్బుతో కడిగేస్తారు. ఇది అందరి ఇళ్ళల్లో కుదిరే పని కాదు. వీళ్ళకి కుదిరింది.

2025 ఫిబ్రవరికి బాబు 22.3 కిలోలు. ఎర్ర టేపు కాస్త పైకి జరిగింది. ఆ ఏప్రిల్ తర్వాత ఒక్కసారి కూడా రియాక్షన్ లేదు. వేరుశెనగ అలర్జీ ఐదుగురిలో ఒకరికి పెరిగేకొద్దీ పోతుంది కాబట్టి ఏడాదికోసారి విశాఖ వెళ్ళి పరీక్ష చేయిస్తున్నారు. మొన్నటి కాగితంలో వేరుశెనగ 8 మిల్లీమీటర్లు. 9కీ 8కీ తేడా ఏమీ లేదని చెప్పాను. తల్లి మాత్రం ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించుకుంది.

అమ్మమ్మ ఒకసారి క్లినిక్‌కి వచ్చింది. వాళ్ళ వీధిలో సగం ఇళ్ళు జీడిపప్పు పని మీదే బతుకుతాయి. "ఏటమ్మా, పలాస గుంటడికి జీడిపప్పు పడదంటే నలుగురూ నవ్వరేటి?" అంది మొదట్లో. జీడి తొక్కలోని నూనె తగిలి చేతులు పొక్కిపోవడం ఆమెకి చిన్నప్పటి నుంచి తెలుసు. ఇదీ అలాంటిదే, కాస్త బూడిద రాసుకుంటే పోతుందనుకుంది. అది చర్మానికి తగిలే మంట, ఇది గింజలోని ప్రోటీన్‌తో వచ్చే గొడవ అని చెప్పడానికి నాకు అరగంట పట్టింది. అర్థమైందో లేదో తెలియలేదు. లేచి వెళ్ళిపోయింది.

పోయిన సంక్రాంతికి అమ్మమ్మ వాళ్ళింట్లో తీసిన ఫొటో ఒకటి తల్లి పంపింది. వంటింటి గోడ, రెండు మేకులు. ఒక మేకుకి మసిబారిన పాత మూకుడు. రెండో మేకుకి, దానికి బారెడు దూరంలో, కొత్త మూకుడు, చెవికి ఎర్రదారం కట్టి ఉంది. కింద మిక్సీ గిన్నె, దానికీ ఎర్రదారం. బ్లేడు అడుగున ఉండే రబ్బరు వాషరు కూడా విడిగా తీసి పక్కన పెట్టింది, పొడి అక్కడే ఇరుక్కుంటుందని నేను చెప్పినట్టు గుర్తు. ఫొటోతో పాటు అమ్మమ్మ గొంతు: "మూకుడు వేరెట్టినాను, గరిటి వేరెట్టినాను. గుంటణ్ణి పంపీ, అరిసెలు దీన్లోనే ఏపుతాను."